వెదురు కాడ, టర్కీ ఈక: సంప్రదాయ బాణాన్ని ఇంట్లో తయారు చేసుకునే విధానం

ఇక్కడ వివరించబోయే బాణం, 35 పౌండ్ల వరకు లాగుడు బలం ఉన్న వెదురు విల్లుకు సరిపోయేది. దాని పొడవు సుమారు 75 సెంటీమీటర్లు, మందం ఎనిమిది, ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు. వెదురు కాడ, ఇత్తడి ములికి (బాణం మొన), మూడు ఈకలు, కొంత దారం, కొంత లక్క ఉంటే చాలు. గడ్డి దిమ్మె మీద గురి సాధన చేయడానికే దీనిని ఉద్దేశించాను. దీనితో అడవి జంతువును గానీ అడవి పక్షిని గానీ కొట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. వెదురు విల్లుతో ఆడే ఇండియన్ రౌండ్ అనే విభాగంలో మన దేశంలో 50, 30 మీటర్ల దూరాల నుంచి పోటీలు జరుగుతుంటాయి కనుక, ఈ పని నేర్చుకున్నవారికి ఆడటానికి ఆట కూడా ఉంది.

విజయవాడకు చెందిన వెన్నం జ్యోతి సురేఖ వంటి కాంపౌండ్ (కప్పీలున్న విల్లు) విలుకాండ్రు వాడే కార్బన్ బాణాలు యంత్రం మీద తయారవుతాయి కనుక, డజనులో ఒకటి ఎంత బరువో, ఎంత వంగుతుందో పన్నెండూ దాదాపు అంతే. వెదురు బాణాల సంగతి అలా కాదు. ఒకే బొంగు నుంచి చీల్చిన రెండు బద్దలు కూడా ఒకేలా వంగవు. నేను మొదటిసారి చేసిన ఆరు బాణాలలో అయిదు పాముల్లా మెలికలు తిరుగుతూ పోయాయి. ఈకలు చిన్నవి కావడం వల్లే అలా పోతున్నాయనుకుని పెద్ద ఈకలు కట్టాను, ఫలితం మారలేదు. ఈక చేయగలిగినది, విల్లును వదిలే క్షణంలో బాణానికి తగిలే చిన్న కుదుపును సర్దడం మాత్రమే. వంకర కాడను, విల్లుకు సరిపడని కాడను అది సర్దలేదు. అందుకే ఈ పద్ధతిలో ఈకలు కట్టకముందే కాడను వట్టిగా ఎగరవేసి చూస్తాము, అలా తిన్నగా పోయిన కాడకే ఈకలు కడతాము.

వెదురు ఎంపిక

లాఠీలకు వాడే గట్టి వెదురు, అంటే లోపల బోలు చాలా తక్కువగా ఉండే రకం, ఈ పనికి శ్రేష్ఠం. బుట్టలకు వాడే బొంగు వెదురు గోడ పలుచన కావడం వల్ల దాని నుంచి గుండ్రటి కాడ రాదు. మీ ఊళ్లో మేదర్లు ఉంటే వారిని అడగడం అన్నింటికంటే సులువు. ఏ గడ మూడేళ్లు ముదిరిందో, ఏది లేతదో గోటితో తట్టి చెప్పగలిగినవారు వారే. లేత వెదురు ఎండిన తరువాత ముడతలు పడి, వారం తిరగకుండా వంకర పోతుంది. మీ పొలం గట్టున వెదురు ఉంటే ఇంకా మంచిది. 2017లో భారత అటవీ చట్టానికి చేసిన సవరణతో, అడవి బయట పెరిగే వెదురును చెట్ల నిర్వచనం నుంచి తొలగించారు. అడవిలోని వెదురుకు ఈ వెసులుబాటు వర్తించదు.

వానలు వెళ్లిన తరువాత, చలికాలంలో కొట్టిన వెదురునే తీసుకోండి. ఆ రోజుల్లో గడలో పిండిపదార్థం తక్కువగా ఉండటం వల్ల పుచ్చుపురుగు అంతగా పట్టదు. వానాకాలంలో కొట్టినదే దొరికితే రెండు, మూడు వారాల పాటు నీళ్లలో నానబెట్టి ఆ తరువాత ఆరబెట్టండి. నానినప్పుడు వచ్చే వాసన భరించలేనిది కాబట్టి తొట్టిని ఇంటికి దూరంగా పెట్టుకోవడం మేలు.

గడను 85 సెంటీమీటర్ల ముక్కలుగా కోసి, పన్నెండు, పదమూడు మిల్లీమీటర్ల వెడల్పు గల బద్దలుగా చీల్చండి. మేదర కత్తిని గడ తలమీద ఆనించి మెల్లగా తట్టితే చీలిక దానంతట అదే నారవెంట దిగుతుంది. రంపంతో కోస్తే నార తెగిపోయి, బాణం వదిలేటప్పుడు ఆ తెగిన చోటనే విరిగి చేతిలో దిగబడే ప్రమాదం ఉంది. ఆరు బాణాలు కావాలంటే కనీసం పది బద్దలు చీల్చుకోండి. వాటిని నీడలో, గాలి తగిలే చోట నిలబెట్టి, వారానికొకసారి వంటింటి తూకం మీద పెట్టి బరువు రాసుకోండి. వరుసగా రెండు వారాలు బరువు తగ్గకపోతే అవి ఎండినట్టు.

కాడను చెక్కడం

వెదురులో బలమంతా పచ్చటి పైతొక్కకు ఆనుకుని ఉన్న నారలో ఉంటుంది. లోపలి వైపుకు పోయేకొద్దీ అది మెత్తబడుతుంది. కాబట్టి చిత్రిక పట్టేటప్పుడు తొక్క వైపు నుంచి నున్నదనం వచ్చేంత వరకే తీసి, తగ్గించవలసిన మందమంతా లోపలి వైపు నుంచే తగ్గించండి. ముందు బద్దను పది మిల్లీమీటర్ల నలుపలక చేయండి, తరువాత నాలుగు అంచులూ చెక్కి ఎనిమిది పలకలు చేయండి, ఆ తరువాతే గుండ్రంగా తిప్పండి. తొందరపడి నలుపలక నుంచి నేరుగా గుండ్రానికి పోతే కాడ కోడిగుడ్డు ఆకారంలో తేలుతుంది.

కొలత కోసం లేత్ షాపులో ఒక మందపాటి ఇనుప పట్టీకి పది, తొమ్మిది, ఎనిమిదిన్నర మిల్లీమీటర్ల రంధ్రాలు వేయించుకోండి. కాడను వరుసగా ఒక్కొక్క రంధ్రంలో నుంచి లాగితే ఎక్కడ లావుగా ఉందో అక్కడ ఆగిపోతుంది. ఆగిన చోటనే గీకి మళ్లీ లాగండి. కణుపుల దగ్గర నార పైకీ కిందికీ అలలా తిరిగి ఉంటుంది కనుక అక్కడ చిత్రిక వాడవద్దు, ఆకురాయి వాడండి. చివరికి 80, 120, 220 నంబర్ల ఉప్పుకాగితాన్ని ఆ వరుసలో పట్టించండి. ఈ పని చేస్తున్నంతసేపూ ముక్కుకు గుడ్డ కట్టుకోండి, వెదురు పొడి గొంతులో గరగరలాడుతూ చాలాసేపు ఉంటుంది. వేలిలో పేడు దిగితే వెంటనే తీయండి; వెదురు పేడు లోపలే ఉండిపోతే చీము పడుతుంది.

పాత ధనుర్వేద గ్రంథాలు కాడను మూడు రకాలుగా విభజించాయి. ముందు లావుగా ఉన్నది స్త్రీ బాణమనీ దూరం పోతుందనీ, వెనుక లావుగా ఉన్నది పురుష బాణమనీ గట్టి వస్తువును ఛేదిస్తుందనీ, రెండు కొసలూ సమంగా ఉన్నది నపుంసక బాణమనీ గురి సాధనకు తగినదనీ వాటి మాట. మొదటి ఆరింటినీ మూడో రకంగానే చేయండి. కాడ పొడవునా మందం సమంగా ఉంటే తప్పు ఎక్కడ జరిగిందో కనిపెట్టడం తేలిక. శరం అనే మాటకు సంస్కృతంలో బాణమనే కాక రెల్లు జాతి గడ్డి అనే అర్థం కూడా ఉంది, శరవణభవుడు రెల్లు పొదలో పుట్టినవాడు. సహజంగా గుండ్రంగా పెరిగే ఆ గడ్డి కాడలను ఏరుకుని బాణాలు చేసినవారికి ఈ చెక్కుడు పని లేదు.

నిప్పుల మీద సరిచేయడం

ఒక కన్ను మూసి, కాడను తుపాకీ గొట్టంలా కంటి ముందు పెట్టుకుని పొడవునా చూడండి. వంకర ముందుగా కనిపించేది కణుపుల దగ్గరే. కుంపటిలో బొగ్గులు మంట లేకుండా ఎర్రగా కణకణలాడుతున్నప్పుడు, వంకర ఉన్న చోటును వాటికి జానెడు ఎత్తున పట్టుకుని తిప్పుతూ ఉండండి. కాసేపటికి వెదురు మీద నూనెలాంటి మెరుపు చెమటలా పుడుతుంది. అప్పుడే కాడ మెత్తబడి వంగుతుంది. మందపాటి గుడ్డతో పట్టుకుని, వంకరకు ఎదురుదిశలో కొంచెం ఎక్కువగా వంచి, చల్లారేవరకు అలాగే పట్టుకోండి. వదలగానే అది కొంత వెనక్కి వస్తుంది. ఎంత వెనక్కి వస్తుందో చేతికి అలవాటు కావడానికి రెండు కాడలు పాడవుతాయి, వాటి కోసమే పది చీల్చుకోమన్నాను.

గోధుమరంగు వరకు ఫరవాలేదు, నల్లబడితే ఆ కాడ పెళుసెక్కినట్టే. అన్ని కణుపులూ అయిన తరువాత మధ్య భాగాలు చూడండి. చివరగా అద్దం మీద గానీ గచ్చు మీద గానీ దొర్లించండి. టకటకమని ఎగిరితే ఇంకా వంకర ఉన్నట్టు. వారం ఆగి మళ్లీ చూడండి, ఎందుకంటే వెదురు తన పాత వంకరను అంత సులువుగా మరచిపోదు.

వంగుబాటును కొలవడం

విల్లు వదిలినప్పుడు నారి తోసే వేగానికి బాణం తిన్నగా బయలుదేరదు. చేపలా వంగి, విల్లు బద్దను చుట్టుకుని తప్పించుకుని, ఆ తరువాత తిన్నబడుతుంది. మరీ బిగువైన కాడ వంగలేక విల్లుకు తగిలి పక్కకు పోతుంది, మరీ మెత్తనిది అతిగా వంగి ఊగిసలాడుతుంది. ఈ బిగువును విలుకాండ్రు స్పైన్ అంటారు.

దీనిని కొలవడానికి గోడకు ఒకే ఎత్తులో, 66 సెంటీమీటర్ల దూరంలో రెండు మేకులు కొట్టి కాడను వాటి మీద పెట్టండి. ఒక ప్లాస్టిక్ సీసాలో నీళ్లు పోసి, సీసా, కొక్కెంతో కలిపి బరువు 907 గ్రాములు వచ్చేలా సర్దండి. దానిని కాడకు సరిగ్గా మధ్యలో తగిలించి, ఎన్ని మిల్లీమీటర్లు కిందికి వంగిందో వెనుక అంటించిన స్కేలు మీద చూడండి. 660ని ఆ సంఖ్యతో భాగిస్తే వచ్చేది, ఆ కాడ ఎన్ని పౌండ్ల విల్లుకు సరిపోతుందో చెప్పే అంకె. 20 మిల్లీమీటర్లు వంగితే 33 పౌండ్లు, 22 వంగితే 30 పౌండ్లు. వెదురు విల్లు బద్దకు మధ్యలో కోత ఉండదు, బాణం బద్ద పక్కనుంచి పోవాలి కనుక విల్లు బలం కంటే అయిదు పౌండ్లు తక్కువ అంకె వచ్చే కాడను ఎంచుకోండి. 35 పౌండ్ల విల్లుకు 22 మిల్లీమీటర్లు వంగే కాడ అన్నమాట. ఇంకా బిగువుగా ఉంటే నడిమి భాగాన్ని ఉప్పుకాగితంతో కొంచెం కొంచెంగా తగ్గిస్తూ మళ్లీ మళ్లీ తూచండి. తీసినది తిరిగి పెట్టలేము.

ప్రతి కాడనూ పావువంతు తిప్పి రెండోసారి కూడా కొలవండి. తొక్క పైకి ఉన్నప్పుడు ఒక అంకె, పక్కకు ఉన్నప్పుడు మరొక అంకె వస్తుంది. తక్కువ వంగినప్పుడు పైకి ఉన్న ముఖం మీద పెన్సిలుతో గీత గీయండి. ఈ గీత బాణాన్ని ఎక్కుపెట్టినప్పుడు విల్లు బద్దకు ఆనాలి. ఒక్కొక్క కాడకు నంబరు వేసి, వంగుబాటు, బరువు రాసిపెట్టుకోండి. రెండు మిల్లీమీటర్ల తేడాలోపు ఉన్నవాటిని ఒక జట్టుగా తీసుకోండి.

గాడి, ములికి

పొడవు ముందుగా నిర్ణయించాలి. రెండు చేతులూ బార చాపి, ఒక నడివేలి కొస నుంచి మరొక నడివేలి కొస వరకు కొలిచి, ఆ కొలతను రెండున్నరతో భాగిస్తే మీరు లాగే పొడవు సుమారుగా వస్తుంది. దానికి రెండున్నర సెంటీమీటర్లు కలిపి కాడను కోయండి. పొట్టి బాణం లాగినప్పుడు విల్లు దాటి లోపలికి వచ్చి మీ ఎడమచేతినే గుచ్చగలదు, కాబట్టి అనుమానం ఉంటే పొడవే ఉంచండి.

నారి కూర్చునే గాడిని పాత తెలుగులో పుంఖం అన్నారు. ఒక బాణం గాడిని తరువాతి బాణం మొన తాకేంత వేగంగా వరుసపెట్టి వేయడమే పుంఖానుపుంఖం; ఇప్పుడు ఆ మాట లేఖలకూ ప్రకటనలకూ మిగిలింది. రెండు, మూడు హాక్సా బ్లేడ్లను పక్కపక్కన పెట్టి టేపు చుడితే ఒకే కోతలో సుమారు మూడు మిల్లీమీటర్ల గాడి పడుతుంది. లోతు తొమ్మిది మిల్లీమీటర్లు చాలు. గాడి, మీరు గీసిన పెన్సిలు ముఖానికి సమాంతరంగా ఉండాలి. అడుగు భాగాన్ని మడిచిన ఉప్పుకాగితంతో గుండ్రంగా నున్నగా చేయకపోతే నారి పోగులు తెగుతాయి. గాడి కిందనే, ఒక సెంటీమీటరు మేర, దారాన్ని పక్కపక్కనే బిగించి చుట్టి జిగురు పట్టించండి. నారి తోపుకు కాడ నిలువునా చీలకుండా కాపాడేది ఈ చుట్టు మాత్రమే కనుక దీనిని ఎప్పుడూ వదిలిపెట్టవద్దు.

ములికి కోసం, ఏడెనిమిది గ్రాముల బరువు గల ఇత్తడి మొనను, లోపల రెండు సెంటీమీటర్ల లోతు రంధ్రంతో, లేత్ మీద చేయించుకోవచ్చు. కాడ కొసను ఆ రంధ్రానికి సరిపోయేలా సన్నగా చెక్కి లక్కతో అతికించండి. లాడ్ బజారులో గాజులు చేసేవారు వాడే లక్క వంటిదే. ములికిని వేడిచేసి, కరిగిన లక్కను కొసకు పట్టించి, తిప్పుతూ దూర్చాలి. ఎపాక్సీ ఇంకా గట్టిగా పట్టుకుంటుంది కానీ విరిగిన కాడ నుంచి ములికిని తీసేటప్పుడు లక్క విలువ తెలుస్తుంది.

ఈకలు లేకుండా ఎగరవేయడం

వెనుక ఎవరూ తిరగని చోట, మందంగా కట్టిన వరిగడ్డి దిమ్మె ముందు ఎనిమిది, పది మీటర్ల దూరంలో నిలబడండి. దిమ్మె వెనుక మట్టిగట్టు గానీ గోడ గానీ ఉండాలి, ఎందుకంటే వట్టి కాడ ఎటు పోతుందో చెప్పలేము. పది మీటర్లు దాటితే ఈక లేని కాడ అడ్డం తిరిగి తగిలి విరుగుతుంది. ఒక్కొక్క కాడనూ మూడుసార్లు వేసి, అది దిమ్మెలో ఏ కోణంలో దిగిందో చూడండి. కుడిచేతితో నారి లాగి, విల్లుకు ఎడమవైపున బాణం పెట్టేవారికి: కాడ కుడివైపు పడి, దాని తోక ఎడమకు వాలి ఉంటే కాడ మెత్తన, ఎడమవైపు పడి, తోక కుడికి వాలితే కాడ బిగువు. ఎడమచేతివాటం వారికి ఇదంతా తారుమారవుతుంది.

మెత్తనిదానిని ముందు కొస నుంచి అర సెంటీమీటరు కోసి గానీ, తేలిక ములికి పెట్టి గానీ బిగువు చేయవచ్చు, అయితే కోయగా మిగిలిన పొడవు మీరు లాగే పొడవు కంటే ఎక్కువే ఉండాలి. బిగువుదానిని నడుమ ఉప్పుకాగితం పట్టించి మెత్తబరచాలి. నా జట్టులో నాలుగో నంబరు బాణం రాత లెక్క ప్రకారం అన్నింటిలోకీ బాగున్నది, అయినా ప్రతిసారీ పక్కకే పోయేది. రెండు సాయంత్రాలు వృథా అయిన తరువాత గీతను చూస్తే, గాడిని పావువంతు తప్పుగా కోసినట్టు తేలింది.

ఈకలు: ఏ పక్షివి, ఏ రెక్కవి

ధనుర్వేదంలో ఉత్తమమైనవిగా చెప్పిన ఈకలలో గద్ద, రాబందు, కొంగ, హంస, నెమలి, కాకి ఈకలు ఉన్నాయి. ఒక్కొక్క బాణానికి నాలుగేసి, ఆరంగుళాల పొడవున కట్టమన్నారు. ఆ అంగుళం వేలి మందం, ఇప్పటి ఇంచి కాదు. ఆరు కలిపితే సుమారు పదకొండు సెంటీమీటర్లు. ఈనాడు చేత్తో బాణాలు చేసేవారు ఎక్కువమంది వాడే కొలత కూడా ఇంచుమించు అంతే.

పక్షుల జాబితాను మాత్రం ఇప్పుడు పాటించలేము. నెమలి వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలులో ఉన్నది. సహజంగా రాలిన దాని తోక ఈకలకు మినహాయింపు ఉన్నా బాణానికి కావలసినది రెక్క ఈక, పింఛం కాదు. రాబందుల సంగతి సరేసరి, పశువులకు వాడిన డైక్లోఫినాక్ మందు వాటిని దాదాపు తుడిచిపెట్టిన తరువాత 2006లో ఆ మందును పశువైద్యంలో నిషేధించారు. అడవి పక్షుల ఈకల జోలికి పోకుండా, మాంసం కోసం పెంచే టర్కీ కోడి, పెద్దబాతు రెక్క ఈకలను తీసుకోండి. టర్కీ ఈక గట్టిది, ఎత్తైనది, పని చేయడానికి అనువైనది. బాతు ఈక వానకు కొంచెం ఎక్కువగా తట్టుకుంటుంది. నాటు పుంజు ఈక చిన్నది, మెత్తనిది. అదే దొరికితే పాతవారు చెప్పినట్టు నాలుగేసి కట్టుకోండి.

మాంసం దుకాణంలో ముందే చెప్పి ఉంచితే రెక్కల ఈకలను వేడినీళ్లలో ముంచకుండా తీసి ఇస్తారు. చేతులకు తొడుగులు, ముక్కుకు మాస్కు తప్పనిసరి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పటివంటి రోజుల్లో అసలు ఈకలు సేకరించవద్దు. తెచ్చినవాటిని గోరువెచ్చటి కుంకుడు రసంలో కడిగి, మంచినీళ్లలో జాడించి, నీడలో విడివిడిగా ఆరబెట్టండి. నలిగిన ఈకను ఇడ్లీపాత్ర ఆవిరి మీద కొద్దిసేపు పట్టుకుంటే, ముడుచుకున్న నూగంతా విచ్చుకుని మళ్లీ ఒకదానికొకటి అల్లుకోవడం కళ్లముందే కనిపిస్తుంది. దాచేటప్పుడు కాగితంలో చుట్టి రెండు కలరా ఉండలు వేయండి, లేకపోతే నెల తిరిగేసరికి పురుగు నూగును కత్తిరించి ఈనెలను మాత్రమే మిగులుస్తుంది.

ఇక్కడ జరిగే పొరపాటే అన్నింటికంటే పెద్దది. ఎడమ రెక్క ఈకలు ఒక వైపుకు, కుడి రెక్క ఈకలు మరొక వైపుకు వంపు తిరిగి ఉంటాయి. ఒకే బాణానికి రెండు రెక్కలవీ కలిపి కడితే ఒక ఈక బాణాన్ని ఇటు తిప్పబోతే ఇంకొకటి అటు తిప్పుతుంది. ఈ సంగతి తెలియక నేను ఒకే సంచిలో ఉన్న ఈకలను అందినవి అందినట్టు కట్టి, కాడనూ విల్లునూ నెలరోజులు తిట్టుకున్నాను.

గుర్తు పట్టే విధం ఇది. ఈకను మెరుపు ఉన్న ఉబ్బెత్తు వైపు పైకి వచ్చేలా, మొదలు మీ వైపు, కొస అవతలికి ఉండేలా పట్టుకోండి. ఈనెకు ఒక పక్క ఇరుకు రేకు, మరొక పక్క వెడల్పు రేకు ఉంటాయి. వెడల్పు రేకు కుడివైపు ఉంటే అది కుడి రెక్క ఈక, ఎడమవైపు ఉంటే ఎడమ రెక్క ఈక. రెండు కుప్పలుగా వేయండి. ఏ కుప్ప అయినా మంచిదే, కుప్పలు మాత్రం కలవకూడదు. ఒక రెక్క నుంచి ఆరేడు మంచి ఈకలు వస్తాయి కనుక ఆరు బాణాలకు మూడు పక్షుల ఒకవైపు రెక్కలు సరిపోతాయి.

చీల్చడం, అతికించడం, కట్టడం

వెడల్పు రేకు మాత్రమే మనకు కావాలి. కొత్త బ్లేడును ఈనె మధ్యగా కొస నుంచి మొదలు వైపు మెల్లగా నడిపి రెండుగా చీల్చండి. కొస దగ్గర రేకును పట్టుకుని అరటినార లాగినట్టు లాగి తీసే పద్ధతి కూడా ఉంది, త్వరగా అవుతుంది, కానీ అడుగు మరీ పలుచనై అతికించేటప్పుడు వంకరపోతుంది. చీల్చిన పట్టీని రెండు స్టీలు స్కేళ్ల మధ్య, అడుగు కొంచెం బయటికి వచ్చేలా, క్లిప్పులతో బిగించి ఉప్పుకాగితం మీద రుద్దండి. ఈనె లోపలి తెల్లటి బెండు అరిగిపోయి ఒక మిల్లీమీటరు మందపు చదునైన అడుగు మిగిలితే చాలు. ఆ తరువాత పదకొండు సెంటీమీటర్ల రేకును ఉంచి, రెండు కొసలా ఏడెనిమిది మిల్లీమీటర్ల మేర నూగు కత్తిరించి వట్టి ఈనెను వదలండి. దారం చుట్టేది ఈ వట్టి కొసల మీదనే.

కాడ మీద, గాడి నుంచి మూడు సెంటీమీటర్లు వదిలి ఈకల చోటును గుర్తించండి. అంతకంటే దగ్గరైతే నారి లాగే వేళ్లకు ఈకలు తగులుతాయి. ఈక మొదలు, అంటే పక్షి చర్మంలో ఉండిన కొస, ములికి వైపుకే ఉండాలి. తిరగేసి కడితే నూగు గాలికి ఎదురు తిరిగి చిందరవందర అవుతుంది. మొదటి ఈక గాడికి లంబంగా, పెన్సిలు గీతకు సరిగ్గా వెనుకవైపు రావాలి, అప్పుడు అది విల్లుకు దూరంగా బయటికి ఉంటుంది. దీనికి వేరే రంగు ఈక వాడితే చూడకుండానే ఎక్కుపెట్టవచ్చు. మిగిలిన రెండూ కాడ చుట్టుకొలతలో మూడోవంతు చొప్పున జరిపి పెట్టండి. కాగితపు పట్టీని కాడకు చుట్టి, విప్పి, మూడు భాగాలుగా మడిస్తే గుర్తులు వస్తాయి.

ఈకలను తిన్నగానే కట్టవచ్చు. కుడి రెక్క ఈకలైతే, గాడి వైపు నుంచి చూసినప్పుడు పైన ఉన్న ఈక ముందు కొసను ఒకటి, రెండు మిల్లీమీటర్లు కుడికి జరిపితే బాణం బొంగరంలా తిరిగి మరింత నిలకడగా పోతుంది. ఎడమ రెక్కవైతే ఎడమకు. మూడు ఈకలకూ ఒకే జరుగుడు ఉండాలి. వడ్రంగులు వాడే తెల్ల జిగురును పలుచగా రాసి, ఒక్కొక్క ఈకనూ గుండుసూదులతో నిలిపి, ఒకటి ఆరిన తరువాతే రెండోది పెట్టండి. పూర్వం తుమ్మజిగురు వాడేవారు, దానికి తేమ తగిలితే పట్టు వదులుతుంది.

జిగురు ఆరిన తరువాత మాంజా పూయని గాలిపటాల దారం గానీ పట్టు దారం గానీ తీసుకుని, ముందు వట్టి కొసల మీద ఒక సెంటీమీటరు గట్టిగా చుట్టండి. అక్కడి నుంచి దారాన్ని తెంచకుండా, అయిదారు మిల్లీమీటర్లకొక చుట్టు చొప్పున ఈకల గుండా వెనుకకు తీసుకురండి. దారం దాటవలసిన చోట సూదిమొనతో నూగును పాయగా విడదీసి, దారాన్ని ఈనె మీదికి దించి, మళ్లీ వేలితో నూగును దువ్వితే ఆ పాయ మూసుకుపోతుంది. దారం నూగును నలిపేస్తే ఆ చుట్టు విప్పి మళ్లీ వేయండి. వెనుక వట్టి కొసలను కూడా బిగించి చుట్టి, చివరి నాలుగైదు చుట్ల కింద ఒక దారపు ఉచ్చు పెట్టి, కొసను అందులో దూర్చి లాగేస్తే ముడి కనిపించదు.

ఎత్తు ఇంకా కత్తిరించలేదు. అట్టముక్క మీద వెనుక పద్నాలుగు మిల్లీమీటర్ల ఎత్తుతో, ముందుకు వాలుగా దిగే ఆకారం గీసి కత్తిరించి, దానిని ఈకకు ఆనించి పదునైన కత్తెరతో ఒకే ఊపున కోయండి.

పూత, తూకం, సంరక్షణ

లక్క రేకులను స్పిరిట్‌లో కరిగించిన పాలిష్‌ను కాడకూ దారపు చుట్లకూ రెండు పూతలు వేయండి, ఈక నూగుకు తగలనివ్వవద్దు. ఆరిన తరువాత బాణాన్ని వేలి మీద నిలిపి సమతూకం చూడండి. 75 సెంటీమీటర్ల బాణం గాడి నుంచి సుమారు 46 సెంటీమీటర్ల దగ్గర నిలవాలి; నడుమకు మరీ దగ్గరగా నిలిస్తే ములికి బరువు చాలలేదని అర్థం. మొత్తం బరువు విల్లు పౌండుకు 0.65 గ్రాముకు తగ్గకూడదు, అంటే 35 పౌండ్ల విల్లుకు కనీసం 23 గ్రాములు. అంతకంటే తేలికైన బాణంతో నారి వదలడం, బాణం లేకుండా వదలడంతో సమానం, బద్ద పగులుతుంది. వెదురు బాణాలు సాధారణంగా 30 గ్రాముల పైనే తూగుతాయి కనుక ఈ బెంగ ఉండదు, జట్టులోని బాణాల మధ్య తేడా గ్రాముకు మించకుండా చూసుకుంటే చాలు.

ఆడబోయే ప్రతిరోజూ, ఒక్కొక్క బాణాన్నీ రెండు చేతులతో కొసల వద్ద పట్టుకుని, ముఖానికి దూరంగా, నాలుగు వైపులకూ కొద్దిగా వంచి, చెవి పెట్టి వినండి. చిన్న చిటుక్కుమన్నా ఆ బాణాన్ని పక్కన పెట్టండి. ముసురు రోజుల్లో ఈకల మీద కొంచెం టాల్కం పౌడరు దులిపితే నీటిచుక్కలు జారిపోతాయి. తడిసి అంటుకుపోతే ఆరిన తరువాత మళ్లీ ఇడ్లీపాత్ర ఆవిరే మందు. బాణాలను అమ్ములపొదిలో నిలువుగా గానీ, రెండు చోట్ల ఆనేలా అడ్డంగా గానీ ఉంచండి, గోడకు వాలిస్తే వంకర మళ్లీ వస్తుంది. ఏ బాణమైనా విరిగితే ములికిని దీపం మీద వేడిచేయండి. లక్క కరగగానే అది పటకారుకు జారి వస్తుంది. దారం విప్పి, ఈకలున్న ముక్కను రాత్రంతా నీళ్లలో నానబెడితే తెల్ల జిగురు మెత్తబడి, ఈకలు కూడా తరువాతి కాడకు పనికివస్తాయి.